విజయానందం అని రాసిన ఫోటో

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, వేసవి సెలవులకు కొంచెం ముందు, చెన్నైలోని మా విశ్వవిద్యాలయం నన్ను హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపిక సంఘానికి కన్వీనర్‌గా వేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు నేను వ్యాయామ విద్యా విభాగంలో డిప్యూటీ డైరెక్టర్‌ని. అంతకు ముందు చాలాకాలం మైలాపూరులోని ఒక మహిళా కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా, అంటే పిల్లలు ‘పీడీ మిస్’ అని పిలిచే ఉద్యోగంలో ఉన్నాను. పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. రిటైరవబోయే వాళ్లకు ఇలాంటి సంఘాలు అంటగట్టడం మా దగ్గర ఆనవాయితీ. పని సవ్యంగా జరిగితే పేరు పైవాళ్లకు వస్తుంది. రసాభాస అయితే, ఆవిడ వెళ్లిపోయింది కదా అని చేతులు దులుపుకోవచ్చు.

హాల్ ఆఫ్ ఫేమ్ అంటే పెద్ద విశేషమేమీ కాదు. విశ్వవిద్యాలయం తరఫున ఆడి రాణించిన క్రీడాకారులను, వాళ్లను తీర్చిదిద్దిన కోచ్‌లను ఎంపిక చేసి, ఫోటోతోనూ నాలుగు మాటల ప్రశంసతోనూ ఒక గోడ మీద శాశ్వతంగా నిలపడం. విదేశాల్లో ఎప్పటి నుంచో ఉంది. మా వైస్ ఛాన్సలర్ గారు ఏదో పర్యటనలో చూసి వచ్చారు. ఇండోర్ స్టేడియం ప్రవేశద్వారం పక్క గోడ ఖాళీగానే ఉంది కదా అన్నారు. ఆ గోడకు ప్రతి వర్షాకాలం నీళ్లు దిగి మరకలు పడేవి. మరకల మీద చెక్క పలకలు బిగిస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయని ఇంజినీరింగ్ విభాగం సంతోషించింది.

నియమావళిని వైస్ ఛాన్సలర్ ఆఫీసే తయారుచేసి పంపింది. క్రీడాకారుడికైతే అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో, అంటే దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ తలపడే పోటీల్లో, పతకం ఉండాలి. ఎంపికైనవారు రాతపూర్వకంగా అంగీకారం ఇవ్వాలి. కోచ్‌కైతే దీర్ఘకాలం సర్వీసు ఉండాలి, ఆయన దగ్గర తయారైన పతక విజేత కనీసం ఒక్కరైనా అదే గోడ మీద ఉండాలి. గోడను రూపొందించిన ఆర్కిటెక్టు దీనికి ఒక సొగసు జోడించాడు. పైన శిష్యుడు, కింద గురువు, ఇద్దరికీ కలిపి ఒకే ప్యానెల్. గురుశిష్య పరంపర అనే మాట వినగానే సంఘంలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. మా క్రీడారంగంలో ఆ మాటకున్న బలం అలాంటిది. దాన్ని కాదన్నవాడు మనిషే కాడన్నట్టు చూస్తారు.

తొలి విడతకు తయారైన జాబితాలో ఒక జంట దామోదరం గారు, నిర్మల.

దామోదరం గారు విశ్వవిద్యాలయం అథ్లెటిక్స్ చీఫ్ కోచ్‌గా పనిచేసి రిటైరయ్యారు. మాలాగే తరాల కిందట ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబం. గట్టి గొంతు, తెల్లటి టోపీ, మెడలో విజిల్. రిటైరయ్యాక సిండికేట్ సభ్యుడయ్యారు. సిండికేట్ అంటే విశ్వవిద్యాలయం పాలకమండలి. నియామకాలూ నిధులూ దాని చేతిలో ఉంటాయి. ఆయన దగ్గర రాష్ట్రస్థాయి పతకాలు తెచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, మా నియమానికి సరిపోయే పతకం తెచ్చింది నిర్మల ఒక్కతే. అంటే ఆమె గోడ ఎక్కితేనే ఆయన ఎక్కగలరు.

నిర్మల నా విద్యార్థిని. వాషర్‌మెన్‌పేట్ పిల్ల. వాళ్ల నాన్నకు అక్కడ బట్టల దుకాణంలో గుమాస్తా పని. మా కాలేజీలో చేరిన కొత్తలో వంద మీటర్లు పరుగెత్తమంటే పరుగెత్తింది గానీ, నా కళ్లు ఆమె అడుగు మీద పడ్డాయి. పొడవైన, ఒకే కొలత తప్పని అడుగు. హర్డిల్స్‌కు అది పుట్టుకతో రావాలి. రెండు అడ్డంకుల మధ్య ఎన్ని అడుగులు పడతాయో ప్రతిసారీ అన్నే పడాలి, లేకపోతే లయ చెడుతుంది. ఆమెను నాలుగు వందల మీటర్ల హర్డిల్స్‌కు మళ్లించి, ఏడాది తర్వాత విశ్వవిద్యాలయం శిబిరానికి, దామోదరం గారి దగ్గరకు పంపాను. కాలేజీ పీడీ పని అక్కడితో అయిపోతుంది. ఆపైన పిల్ల విశ్వవిద్యాలయం సొత్తు.

ఆ ఏడాది శిబిరంలో నిర్మలకు కుడికాలి ముందు ఎముకలో నొప్పి మొదలైంది. పదే పదే ఒకే కాలి మీద దిగడం వల్ల ఎముకలో వెంట్రుకవాసి పగులు వస్తుంది. మావాళ్లందరికీ తెలిసిన గాయమే ఇది. నొప్పి ఒకే చోట వేలుపెట్టి చూపించేలా ఉంటే పరుగు ఆపించాలి, అంతే, దానికి వేరే మందు లేదు. పోటీలు ఉత్తరాదిలో. సెమీస్ తర్వాత నిర్మల ‘స్క్రాచ్’ చేస్తానంది, అంటే పోటీ నుంచి పేరు వెనక్కి తీసుకోవడం. ఓవరాల్ ఛాంపియన్‌షిప్‌కు మా జట్టు అంగుళం దూరంలో ఉంది. ఫైనల్లో ఆమెకు పతకం వస్తే ఆ పాయింట్లతో కప్పు మాది. దామోదరం గారు నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ వేయించి ట్రాక్ మీదకు పంపారు. నిర్మల రెండో స్థానంలో వచ్చింది. గీత దాటాక నిలబడలేకపోయింది.

నేను ఆ జట్టుతో వెళ్లలేదు. సెంట్రల్ స్టేషన్లో చక్రాల కుర్చీలో దిగుతుంటే చూశాను. ఆమెను ఆసుపత్రిలో చేర్పించి, ఎక్స్‌రే చూసింది నేనే. పాత పగులు మీద ఎముక పూర్తిగా విరిగిందని డాక్టర్ నింపాదిగా చెప్పాడు. ఆ రిపోర్టు జతచేసి స్పోర్ట్స్ బోర్డుకు ఫిర్యాదు రాశాను. క్రీడాకారిణి స్వచ్ఛందంగానే పోటీలో పాల్గొన్నది అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. ఆ తర్వాత నిర్మల మళ్లీ పోటీలో పరుగెత్తలేదు. రెండు ఆపరేషన్లు, కాలిలో ఒక కడ్డీ, ఆపైన వ్యాయామ విద్యలో డిగ్రీ. ఇప్పుడు ఒక మెట్రిక్యులేషన్ స్కూల్లో ఒప్పందం మీద పీటీ టీచరు. ఈలోగా విశ్వవిద్యాలయం ఒక శాశ్వత మహిళా కోచ్ పోస్టు ప్రకటించబోతోంది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవారికి ఇంటర్వ్యూలో అదనపు మార్కులు ఉంటాయని ముసాయిదాలో రాశారు. ఆ ఉద్యోగం నిర్మలకు ఎంత అవసరమో నాకు తెలుసు.

అందుకే అంగీకార పత్రం పోస్టులో పంపకుండా నేనే తీసుకెళ్లాను. నిర్మల చదివింది. ప్యానెల్ నమూనా చూసింది. పైన తన పేరు, కింద ‘శిక్షకుడు: దామోదరం’.

“పైన ఉండేది చాలు మిస్. కింద ఉండేది తీసేస్తే సంతకం పెడతా,” అంది.

ఆ ఒక్క వరుస ఖాళీగా వదిలితే చాలని, ఆయన మీద ఏమీ రాయక్కర్లేదని చెప్పింది. అంతకంటే తక్కువ ఎవరు అడుగుతారు? నేను సంఘం ముందు పెట్టాను. రిజిస్ట్రార్ గారు మా అధ్యక్షులు. కోచ్ పేరు లేని ప్యానెల్ చూసేవాళ్లకు అసంపూర్ణంగా కనిపిస్తుందని ఆర్కిటెక్టు అన్నాడు. దామోదరం గారి ఎంపిక ఏమవుతుందని ఇంకొకరు అడిగారు. ఆమె కాలు ఏమైందని ఎవరూ అడగలేదు. నేను చెప్పాను. అందరూ తలలు ఊపి, పాపం అన్నారు. దామోదరం గారే స్వయంగా వెళ్లి మాట్లాడితే ఆ అమ్మాయి కాదనదని తీర్మానించారు. కన్వీనర్‌గా ఆయనతో వెళ్లే పని నాకు పడింది.

దామోదరం గారు యాపిల్ పళ్లు, పూలు, ఒక పెద్ద ఫ్రేమ్ కట్టిన ఫోటో పట్టుకుని వచ్చారు. వాషర్‌మెన్‌పేట్ సందుల్లోకి కారు పోదు. మార్కెట్ జనం మధ్య ఆ ఫ్రేమ్ ఎవరికీ తగలకుండా నెత్తి మీద పెట్టుకుని నడిచారు ఆ వయసులో. ఆయన్ను ద్వేషించడం తేలికైతే ఈ కథ చెప్పడం నాకూ తేలికయ్యేది. దారిపొడవునా, “ఆ బిడ్డ లాంటిది మళ్లీ నా చేతికి రాలేదమ్మా,” అంటూనే ఉన్నారు. ఆ మాట కల్లబొల్లి కాదు.

ఆ ఫోటో అప్పట్లో పత్రికల్లో వచ్చిందే. గీత దాటిన నిర్మలను దామోదరం గారు రెండు చేతుల మీద ఎత్తుకున్నారు. ఆయన నోరంతా తెరిచి నవ్వుతున్నారు. ఆమె కళ్లు మూసుకుని, నోరు తెరిచి, ఒక చేత్తో ఆయన చొక్కా గుప్పిట పట్టుకుని ఉంది. చూసిన ప్రతివాళ్లూ ఆనందబాష్పాలనుకున్నారు.

నిర్మల మర్యాదకు లోటు చేయలేదు. “రాండి సార్, కూసోండి,” అని కుర్చీ వేసింది. కాఫీ ఇచ్చింది. ఆయన ఫోటోను గోడకు ఆనించి పెట్టారు.

“మా ఇంట్లో హాల్లోనే ఉండాది ఇది. వచ్చేవాళ్లకంతా చూపిస్తా. నా సర్వీసులో ఇట్లాంటి రోజు ఇంకొకటి లేదు తల్లీ,” అన్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఆడ నేను ఏమన్నానో గుర్తుండాదా సార్?” అని అడిగింది నిర్మల.

“గెలిచినాం సార్ అన్నావు.”

“లేదు సార్. దించండి సార్, కాలు లాగతా ఉండాది, దించండి అని అరిచినా. మీరు నన్ను ఎత్తుకోని కెమెరా వాళ్ల దిక్కు తిరిగినారు.”

దామోదరం గారు చాలాసేపు ఫోటో వైపే చూశారు. ఏదో ఒకటి అంటారని నేను ఎదురుచూశాను. ఒక్క మాట చాలు, ఆ పిల్ల సంతకం పెట్టేసేదేమో కూడా. చివరికి ఆయన నా వైపు తిరిగి, “ఆ గోలలో ఎవరికి వినబడతాది మేడమ్?” అన్నారు. పాత విషయాలు తవ్వుకుంటే ఎవరికి లాభమని, కోచ్ పోస్టు ఇంటర్వ్యూ బోర్డులో తానూ ఉంటానని, తనకు నిర్మల కూతురులాంటిదని, వరసగా ఒకే ఊపిరిలో చెప్పారు. వాటిని కలిపి చెబితే ఎలా వినిపిస్తుందో ఆయనకు తెలియలేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. నిర్మలకు మాత్రం బాగానే వినిపించింది.

“పోస్టు మీ ఇష్టం సార్. సంతకం నాది,” అంది. ఫోటోను ఆయన చేతికే తిరిగి ఇచ్చింది. యాపిల్ పళ్లు ఉంచుకుంది. ఇంటికొచ్చినవాళ్లు తెచ్చినవి వెనక్కి పంపడం వాళ్లింట్లో అలవాటు లేదు.

అంగీకారం ఇవ్వలేదు కాబట్టి నిర్మల పేరు జాబితా నుంచి తీసేశాం. నియమం ప్రకారం దామోదరం గారి పేరు కూడా పోవాలి. నేను అలాగే నోట్ పెట్టాను. తర్వాతి సమావేశంలో నియమమే మారింది. విశిష్ట సేవ చేసిన కోచ్‌లను శిష్యుల ఎంపికతో సంబంధం లేకుండా గౌరవించవచ్చు అని ఒక కొత్త వాక్యం చేరింది. ప్రతిపాదించింది సంఘంలో ఉన్న ఆయన సిండికేట్ మిత్రుడే. నేను నా భిన్నాభిప్రాయాన్ని రాయించాను. మినిట్స్‌లో ‘చర్చించిన పిమ్మట ఏకగ్రీవంగా’ అని వచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏకగ్రీవం కాని తీర్మానాన్ని నేను ఒక్కటీ చూడలేదు. అందుకని ఆశ్చర్యపోలేదు గానీ, ఒళ్లు మండింది.

పోనీ, ఆ పిల్లకు ఆయన పేరుతో ముడి అయినా తెగింది కదా అనుకున్నాను.

ప్యానెళ్లు కోడంబాక్కంలో ఒక వర్క్‌షాప్‌లో తయారయ్యాయి. వెనకటికి సినిమా పబ్లిసిటీ బోర్డులు చేసిన చోటు. ఇప్పుడు కాలేజీలు, ఆసుపత్రులే వాళ్లకు గిరాకీ. ప్రూఫులు సరిచూసి సంతకం చేయడం కన్వీనర్ విధి. సబర్బన్ రైలు దిగి వెళ్లాను. పేర్లు, సంవత్సరాలు, ఈవెంట్లు ఒక్కొక్కటే సరిచూసుకుంటూ దామోదరం గారి ప్యానెల్ దగ్గరకు వచ్చాను. అన్నిటికీ పైభాగంలో శిష్యుడి చిత్రం ఉంది కదా, అది లేకపోతే గోడ వరస చెడుతుందని ఆర్కిటెక్టు అక్కడ ఒక ఫోటో పెట్టాడు. అదే ఫోటో. నిర్మల ఇంటికి తెచ్చిన దానికంటే నాలుగింతలు పెద్దది. కింద అక్షరాలు: ‘విజయానందంలో శిష్యురాలిని ఎత్తుకున్న కోచ్.’ నిర్మల పేరు ఎక్కడా లేదు.

సంతకం చేయనని అక్కడే చెప్పి, నేరుగా రిజిస్ట్రార్ గారి దగ్గరకు వెళ్లాను. ఆయన చెడ్డవారు కారు. ఓపిగ్గా విన్నారు.

“ఫోటో మన పబ్లికేషన్స్ విభాగం తీయించింది మేడమ్, హక్కు మనదే. ఆమె పేరు వద్దన్నారు, మనం వేయలేదు. ఆమె కోరినట్టే చేశాం కదా?” అన్నారు.

ఆమె వద్దన్నది తన పేరు కాదు, ఆయన పేరు అన్నాను. రెండూ ఒకటే కదా అన్నారు. ముఖం కనిపించకుండా ఇంకో ఫోటో వాడమన్నాను. ఇంత బాగా వచ్చిన ఫోటో ఇంకొకటి లేదని ఆర్కిటెక్టు ఫోన్లో నాతోనే అన్నాడు. నేను సంతకం చేయకపోతే అసిస్టెంట్ డైరెక్టర్ చేశాడు. అతనికి అది మరుసటి రోజు ఉదయమే పంపారు.

నిర్మలకు ఎవరో చెప్పేకంటే నేను చెప్పడమే మేలని ఫోన్ చేశాను. “మూతి తెలస్తా ఉండాదా మిస్?” అని అడిగింది.

ముఖం బాగా తెలుస్తోందని చెప్పాను.

“సరి మిస్. ఆ ఫోటో తీసేయమని నేనే లెటర్ పెడతా,” అంది.

ప్రారంభోత్సవానికి నేను వెళ్లాను. కన్వీనర్ రాకపోతే బాగుండదన్నారు. వైస్ ఛాన్సలర్ గారు రిబ్బను కత్తిరించారు. సత్కారం పొందినవాళ్లకు శాలువాలు కప్పారు. వాళ్లలో నిజంగా అర్హులైనవాళ్లు కొందరు ఉన్నారు, వాళ్ల సంతోషాన్ని నేను తక్కువ చేయను. దామోదరం గారు తన ప్యానెల్ ముందు నిలబడితే కుర్రవాళ్లు వరసకట్టి ఫోటోలు దిగారు. అందరి ఫోటోల్లోనూ వెనక ఆ పిల్ల మూసుకున్న కళ్లు ఉన్నాయి. ఒక విలేకరి ఆ అమ్మాయి ఎవరని అడిగింది. “మా స్టూడెంటే అమ్మా, పెండ్లయి సెటిల్ అయిపోయింది,” అన్నారు ఆయన. నిర్మలకు పెళ్లి కాలేదు.

నిర్మల రాసిన లెటర్‌కు నేను రిటైరయ్యే నెలలో జవాబు వచ్చింది. నకలు నాకు తెచ్చి చూపించింది. సదరు ఛాయాచిత్రంలోని వ్యక్తి మీరేనని హాల్ ఆఫ్ ఫేమ్ రికార్డుల్లో ఎటువంటి ఆధారమూ లేనందున మీ అభ్యర్థనను పరిశీలించజాలము. అంతే. పేరు వేయనందుకు ఆధారం లేదు, ఆధారం లేనందుకు ఫోటో తీసేయరు. ఇంత చక్కగా బిగిసిన తర్కాన్ని మావాళ్లు పిల్లల కాళ్ల విషయంలో ఒక్కసారైనా వాడి ఉంటే బాగుండేది.

వకీలు దగ్గరకు వెళదామన్నాను. స్కూలు యాజమాన్యానికి విశ్వవిద్యాలయంతో పనులుంటాయి, ఉన్న ఉద్యోగం కూడా పోతుందని నిర్మల వద్దంది. “ఆ ఫోటోలో ఉండేది నేనని రుజువు చెయ్యాలంటే కోర్టులో మళ్లీ కాలు చూపించాల గదా మిస్,” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కోచ్ పోస్టుకు ఆమె దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకు పిలుపు రాలేదు. ఆ పోస్టులో ఇప్పుడున్న అమ్మాయి మంచి కోచే, ఆమె మీద నాకేమీ లేదు.

అప్పటి నుంచి రెండు మూడు కాలేజీలు తమ దగ్గర కూడా ఇలాంటి గోడ పెట్టాలనుకుంటూ నా సలహా అడిగాయి. వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. విద్యార్థి మూడేళ్లుండి వెళ్లిపోతాడు, కోచ్ ముప్పై ఏళ్లుంటాడు, ఆపైన సంఘాల్లో సభ్యుడవుతాడు. అందుకని గెలిచింది ఎవరైనా, గెలుపును గోడ మీద రాసేది ఉండిపోయినవాళ్లే. మా నియమావళిలో గౌరవం వద్దనే హక్కు క్రీడాకారిణికి ఇచ్చారు. వద్దన్న మనిషిని వాడుకోకూడదని ఎక్కడా రాయలేదు. ఆ వాక్యం మొదటి పేజీలో పెట్టమని నేను చెబితే, సలహా అడిగిన కాలేజీలన్నీ వినయంగా రాసుకున్నాయి. ఆ నియమావళులు అచ్చయ్యాక తెప్పించుకుని చదివాను. ఆ వాక్యం ఒక్కదానిలోనూ లేదు.